మసాలా డబ్బా వెనకాల, దుబాయ్ నుంచి కల్బా దాకా

చిట్టీ, అమ్మడూ, నేను దుబాయ్ వెళ్ళొచ్చి నెల దాటింది. గువాహటి నుంచి మీరు ఫోన్ చేసినప్పుడల్లా "నానమ్మా, ఆ పొడుగు మేడ ఎక్కావా? ఒంటె ఎక్కావా?" అని అడుగుతున్నారు. ఏదో ఒకటి చెప్పి దాటేస్తున్నాను. మేడ ఎక్కలేదర్రా, ఒంటెనైతే బస్సు అద్దంలోంచి చూశాను. ఆ నెల రోజుల్లో మూడు రోజులు నేను భయపడ్డట్టు ఈ అరవై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ భయపడలేదు. మీ తాతయ్యకి ఆపరేషన్ జరిగినప్పుడు కూడా ఇంత భయపడలేదు. అప్పుడు భయపడటం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు. ఇప్పుడు మాత్రం తప్పు నాది. ఫోన్‌లో చెబితే మీ నాన్న మధ్యలో అందుకుని తిడతాడని కాగితం తీసుకున్నాను.

కొత్తగూడ

మీ సుధత్తని వాళ్ళ ఆఫీసు మూడు నెలల పని మీద దుబాయ్ పంపింది. "ఒక నెల వచ్చి ఉండమ్మా, ఒక్కదాన్నీ తినలేకపోతున్నాను" అని టిక్కెట్టు పంపింది. నేను బయల్దేరుతున్నానని మా అపార్టుమెంట్లో తెలియడానికి ఒక పూట పట్టింది. మన వైపు గల్ఫ్ వెళ్ళేవాళ్ళ సంగతి మీకు తెలియదు. ఎవరైనా వెళ్తున్నారంటే చాలు, నలుగురు మూటలు పట్టుకొస్తారు. కాదనడం మర్యాద కాదు, తీసుకెళ్ళడమా, భయం.

నాకు మాత్రం ఒక్క మూటే వచ్చింది. మా అపార్టుమెంట్లో మెట్లు, వరండాలు తుడిచే లావణ్య తెచ్చింది. వాళ్ళది జగిత్యాల దగ్గర పల్లె. భర్త మల్లేశం పద్నాలుగేళ్ళుగా ఆ దేశంలో ట్రైలర్ లారీ నడుపుతున్నాడు. రెండేళ్ళకోసారి సెలవు మీద వస్తాడు.

"అమ్మా, మామిడికాయ తొక్కు, ఒక తువ్వాల. గంతే. మీకు బరువైతదా?"

"బరువేముందమ్మా. పెట్టెళ్ళు."

"ఇప్పి చూస్కోన్రి అమ్మా. నేనేమనుకోను. ఆడ చెకింగు మస్తుంటదట."

ఆమె ముందు విప్పలేదు గానీ, ఆమె వెళ్ళాక విప్పాను. తువ్వాలు దులిపాను, తొక్కు సీసా మూత తీసి వాసన చూశాను. ఇలా చూస్తున్నందుకు సిగ్గేసింది కూడా. పరాయి మూటని అంతగా శోధించినదాన్ని, అదే పెట్టెలో నా చేత్తో నేను పెట్టుకున్న మసాలా డబ్బా వైపు కన్నెత్తి చూడలేదు. మీకు తెలుసు కదా, కోడికూరలోకి నేను కొట్టే పొడి: ధనియాలు, చెక్క, లవంగాలు, సగానికి సగం గసగసాలు. మీ నాన్న దాన్ని అన్నంలో ఉత్తిదే కలుపుకుని తినేవాడు.

కరామా

సుధకి ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఫ్లాటు కరామా అనే పేటలో ఉంది. దుబాయ్ అంటే అన్నీ అద్దాల మేడలే అనుకున్నాను. అవి మన నానక్‌రామ్‌గూడలో ఇంతకంటే కొత్తగా ఉన్నాయి, నాకు వింతనిపించలేదు. కరామా మాత్రం నచ్చింది. నాలుగంతస్తుల పాత ఇళ్ళు, కింద దుకాణాలు, మల్లెపూల దండలు, ఇడ్లీ హోటళ్ళు. రెండు ఇడ్లీ ఎనిమిది దిర్హాములు. మన డబ్బులోకి మార్చి చూసుకుంటే గొంతు దిగవు. అందుకే మార్చడం మానేశాను.

రోడ్డు దాటడానికే మొదట భయం. కొత్తగూడ చౌరస్తాలో చెయ్యి చూపిస్తే ఆటో అయినా, బస్సు అయినా ఆగుతుంది, తిట్టి మరీ ఆగుతుంది. అక్కడ ఎవరూ తిట్టరు, హారన్ కొట్టరు. ఎర్రమనిషి బొమ్మ వెలుగుతుంటే రోడ్డు ఖాళీగా ఉన్నా కాలు పెట్టకూడదట, జరిమానా. అంత ఖాళీ రోడ్డు ముందు అంతమంది మాట్లాడకుండా నిలబడటం చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది. తెలియకుండా ఏం తప్పు చేస్తానో అని ఎప్పుడూ గుండెల్లో ఒక గుబులు.

"అమ్మా, నువ్వు పోలీసుని చూసి నమస్కారం పెట్టడం మానెయ్. అనుమానం వస్తుంది" అనేది సుధ.

ఆదివారం మల్లేశం వచ్చాడు. అతనికి అదొక్కటే సెలవు. రాస్ అల్ ఖైమా అని ఉత్తరాన ఇంకో ఎమిరేట్, అక్కడి క్యాంపులో ఉంటాడు. మన రాష్ట్రాల్లాగే అక్కడ ఏడు ఎమిరేట్లు. ఇంతా చేసి ఇంటి మూట కోసం రెండు బస్సులు మారి వచ్చాడు. లోపలికి రమ్మంటే చెప్పులు బయట విడిచి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నలభై ఐదేళ్ళుంటాయి. మెడ దగ్గర ఎముకలు తేలి ఉన్నాయి.

"తిండి ఎలా ఉంటుంది నాయనా?"

"క్యాంపుల వండుతరమ్మా. అన్నం, పప్పు, కోడి. కోడికి ఉప్పు దప్ప ఇంకేం ఉండది. ఎట్లనో మింగుతం."

ఇంకేముంది, లోపలికెళ్ళి నా మసాలా డబ్బా తెచ్చి మొత్తం అతని చేతిలో పెట్టాను. వద్దు వద్దంటూనే తీసుకున్నాడు. డబ్బాని లావణ్య తువ్వాల్లో చుట్టుకుని, "వచ్చే నెల సెలవు వడ్డదమ్మా. ఖాన్ సాబ్ సంతకం వెడితే టికెట్టే" అని నవ్వాడు. ఖాన్ సాబ్ అంటే వాళ్ళ లారీలన్నిటికీ పెద్ద. అతను సంతకం పెట్టకపోతే ఇంటికి వెళ్ళడానికి పాస్‌పోర్టు చేతికి రాదట.

మంగళవారం మధ్యాహ్నం, మళ్ళీ మసాలా కొట్టుకుందామని కింద మలయాళీ ఆయన దుకాణానికి వెళ్ళాను. ధనియాలు, చెక్క తీసుకుని, "ఖస్ ఖస్ భీ దేవ్ భయ్యా" అని గసగసాలు అడిగాను.

ఆయన చేతిలో చెక్క పొట్లం అలాగే ఆగిపోయింది. దుకాణంలో ఇంకెవరున్నారో చూసి, బల్ల మీదికి వంగి హిందీలో మెల్లగా అన్నాడు.

"అమ్మా, ఆ పేరు ఇక్కడ అనకండి. ఈ దేశంలో అది నిషేధం. నల్లమందు మొక్క గింజలు కదా, మత్తుమందుల లెక్కలో వేస్తారు. తెలియక తెచ్చామన్నా జైలే."

"కూరలో వేసుకునేదే కదండీ?"

"మనకి కూరలోది. వాళ్ళ చట్టానికి కాదు. మీ దగ్గరేమైనా ఉందా?"

లేదన్నాను. నిజమే, నా దగ్గర లేదు. ఎవరి దగ్గరుందో అప్పుడు గుర్తొచ్చింది. ధనియాలు అక్కడే వదిలేసి మెట్లెక్కాను.

అప్పుడు నేను చేసిన పని చూడండి. మన ఫోన్లలో ఉచితంగా మాట్లాడుకుంటామే, ఆ కాల్స్ అక్కడ పనిచేయవు. మల్లేశానికి గొంతు మెసేజ్ పెట్టాను. "మల్లేశం, నేనిచ్చిన పొడిలో గసగసాలున్నాయి నాయనా, అవి ఇక్కడ మత్తుమందట, వెంటనే పారెయ్" అని. రెండు గీతలూ నీలం అయ్యాయి. విన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. జవాబు రాలేదు. గంట తర్వాత ఇంకో మెసేజ్ పెడితే ఒకటే గీత. ఫోన్ ఆపేశాడు. బుధవారమంతా అదే ఒంటి గీత.

సుధకి చెప్పాను.

"పేరు పెట్టి చెప్పావా? ఫోన్‌లో? అమ్మా!"

"పారెయ్యమనే కదే చెప్పాను."

"ఇప్పుడు మనమేం చెయ్యొద్దు. ఆ మెసేజ్ తీసేసెయ్. అతనే చూసుకుంటాడు. నా వీసా కూడా ఇందులో ఉందమ్మా."

దాన్నీ తప్పు పట్టలేను. కానీ అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆ మెడ ఎముకలే కళ్ళకి కనిపిస్తున్నాయి. అతన్ని పట్టుకుంటే ఎవరిచ్చారంటే నా పేరు చెబుతాడా? చెప్పడు, నాకు తెలుసు. అదే ఇంకా పెద్ద భయం. గురువారం పొద్దున్నే చీర మార్చుకుని, చెప్పులేసుకుని, గుమ్మంలో నిలబడ్డాను.

"నువ్వు ఆఫీసుకెళ్ళమ్మా. నేను దారి అడుక్కుంటూ వెళ్తాను."

సుధ నన్ను చూసింది. ల్యాప్‌టాప్ మూసేసి సెలవు పెట్టింది.

రాస్ అల్ ఖైమా

బస్సులో రెండు గంటలు. ఇద్దరికీ యాభై దిర్హాముల పైనే. దారి పొడుగునా ఇసుక. నేనేమో ఎడారి అంటే పసుపుపచ్చగా, బంగారంలా ఉంటుందనుకున్నాను. అది ఇటుకపొడి రంగు. అక్కడక్కడా ఒంటెలు, వాటికీ కంచె. పక్కన కూర్చున్న ఫిలిప్పీన్స్ పిల్ల నేను కొంగు మెలిపెట్టడం చూసి ఒక ఖర్జూరం ఇచ్చింది. షుగరని చెప్పలేక తినేశాను.

ఆదివారం మల్లేశం చెప్పిన కంపెనీ పేరు అడుగుతూ క్యాంపుకి చేరాం. క్యాంపంటే మన మియాపూర్ డిపో లాంటి ఆవరణలో రేకుల గదులు వరసగా. ఒక్కో గదిలో ఎనిమిది మంచాలు, కిందొకటి పైనొకటి. ప్రతి మంచానికీ ఒక పాత దుప్పటి తెరలాగ కట్టుకున్నారు. అంత ఇరుకులోనూ తలా ఒక గది ఉన్నట్టు. మల్లేశం మంచం తెర వేసి ఉంది. దాని పైమంచం గంగన్నది. క్యాంపులో వంట చేస్తాడు, నిర్మల్ మనిషి. నన్ను చూసి లుంగీ దించుకుని దిగాడు.

"మల్లన్ననా? మంగళారం పొద్దుగాల టైల్స్ లోడేసుకొని ఒమాన్ వోయిండమ్మా. నిన్న పొద్దుగాల్నే రావాలె. రాలే. ఫోన్ బంద్. ఈడ అందరు పారిపోయిండంటున్రు."

"పారిపోవడం ఏమిటి బాబూ?"

"గట్లనే అంటరమ్మా. ఒక్కదినం కనవడకుంటె పారిపోయిండని రాసేస్తరు. రాస్తె ఇగ గంతే, సెలవు లేదు, జీతం లేదు."

గొంతు తగ్గించి అడిగాను. "బాబూ, అతని దగ్గర ఒక పొడి డబ్బా…"

"ఆ, తువ్వాల్ల సుట్టినదా? బండిల వెట్టుకొనిపోయిండు. తొవ్వల కోడికూర వండుకుంటడట. మాకు చెంచెడు గూడ ఇయ్యలే, లోభి!"

ఒమాన్ ఇంకో దేశం. సరిహద్దు దగ్గర లారీలన్నీ ఆపి కుక్కలతో వాసన చూపిస్తారని గంగన్నే చెప్పాడు, మామూలు విషయం చెప్పినట్టు. నేనిచ్చిన డబ్బా కుక్కల ముందుకి వెళ్ళిందన్నమాట. సంగతి విన్నాక గంగన్న వంటగదిలోకెళ్ళి, పొయ్యి మీది పప్పు దించి, తోటివాడికి గరిటె అప్పజెప్పి చొక్కా వేసుకున్నాడు.

"పాండ్రి. బార్డర్ కాడ లారీలు ఆగే జాగ నాకు ఎర్కే."

మసాఫీ

గంగన్నకి తెలిసిన ఒక బలూచీ ఆయన పాత కారు మాట్లాడాడు. దారంతా కొండలు. చెట్టు లేదు, గడ్డి పరక లేదు, కాలిన ఎముకల్లాంటి కొండలు. మన జీడిమెట్ల పక్క గుట్టలు కూడా వీటి ముందు తోటల్లా అనిపిస్తాయి. చూస్తుంటే అక్కడ దాక్కోవడానికి కూడా చోటు లేదనిపించింది.

కొండల మధ్య మసాఫీ అనే ఊళ్ళో కారు ఆగింది. రోడ్డుకి రెండు వైపులా తివాచీలు, కుండలు, పూలమొక్కలు, పళ్ళు అమ్మే సంత. కార్లోంచి దిగకుండానే పళ్ళు కోసి రుచి చూపిస్తారు. ఒక బెంగాలీ ఆయన మామిడిముక్క ఇచ్చాడు. ఇంకెప్పుడైనా అయితే బేరమాడి ఒక పెట్టె కొనేదాన్ని. పోలీసు బండి ఒకటి మా పక్కగా మెల్లగా వెళ్ళింది. ముక్క నోట్లోనే ఉంచుకుని కూర్చున్నాను.

"మింగు అమ్మా" అంది సుధ. దాని చెయ్యి నా చెయ్యిని గట్టిగా పట్టుకుంది. ఆరో తరగతిలో లెక్కల పరీక్షకి వెళ్ళేటప్పుడు పట్టుకునేది అలా.

గంగన్న ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. "ఫికర్ జెయ్యకున్రి అమ్మా. దొరికిండంటె ఈపాటికి మా క్యాంపుకు పోలీసోళ్ళు వద్దురు. రాలేదు గద."

అదే ధైర్యం అనుకుని కళ్ళు మూసుకున్నాను.

కల్బా

కొండలు దిగితే ఒక్కసారిగా సముద్రం. కల్బా చిన్న ఊరు. మన కాకినాడ వైపు ఉన్నట్టే ఉప్పుటేరూ, మడ చెట్లూ ఉన్నాయి. ఆ గాలి తగలగానే ఏడుపొచ్చింది. ఊరు దాటాక సరిహద్దుకి ముందు పెద్ద ఖాళీ స్థలం, అందులో వరసగా లారీలు. డ్రైవర్లు బండ్ల కింద నీడలో స్టవ్వులు పెట్టుకుని వండుకుంటున్నారు. అన్నిటికన్నా చివర, ఎవరి కంటికీ ఆనకుండా ఒక ట్రైలర్. దాని చక్రం పక్కన మోకాళ్ళ మీద తల పెట్టుకుని మల్లేశం.

మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. సంతోషపడతాడనుకున్నాను.

"ఫోన్ల గట్ల పేరు వెట్టి చెప్తరా అమ్మా?" అన్నాడు. "పాణం పోయిందనుకున్న. నా ముంగట అయిదు లారీలే ఉన్నయి. కుక్క కనవడ్తున్నది. అప్పుడిన్న మీ ముచ్చట."

గంగన్నే అందుకున్నాడు. "మరి ఏం జేసినవ్ రా?"

"బండి పక్కకు దీసిన. కడుపుల నొస్తుందని చెప్పి వరసల కెల్లి బయట వడ్డ. వెనకాల ఆ కొండల వడి పొడి గుంతల పోసి రాళ్ళు గప్పిన. డబ్బ పలగ్గొట్టి ఇంకో కాడ పారేసిన."

"మరింకేం, దాటిపోవాల్సింది కదా" అంది సుధ.

"ఎట్ల దాటాలె అక్కా? తొవ్వల మూత ఊడి సీటంత వడ్డది పొడి. తాగే నీళ్ళతోటి గడిగిన. తువ్వాల గడిగిన. చేతులు మట్టితోటి రాకిన." చేతులు చాపి చూపించాడు. అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. "ఐనా నాకు వాసనొస్తనే ఉన్నది. నాకే వస్తె కుక్కకు రాదా? రెండు దినాలాయె, వరసల నిలవడతందుకు కాళ్ళు వస్తలేవు."

నా వంట, పిల్లలూ. నా వంట ఆ మనిషిని రెండు రోజులు ఎండలో కూర్చోబెట్టింది.

"నన్ను ఎక్కించు నాయనా" అన్నాను.

లారీ ముందుభాగం మన మేడమెట్లంత ఎత్తు. గంగన్న కింద నుంచి తోస్తే, సుధ పైనుంచి లాగితే ఎక్కాను. తలుపులు రెండూ తెరిపించి, కళ్ళజోడు పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. వాసన చూశాను. సీటు, దుప్పటి, దిండు, కిటికీ తెర, స్టీరింగు కవరు. మసాలా వాసన లేదు, డీజిలూ, చెమటా, సబ్బూ అంతే. అదే మాట చెప్పబోతూ సీటు కుట్టు మీద వేలు పోనిచ్చాను. వేలికి గరుగ్గా తగిలింది.

తెల్లగా, ఆవగింజలో సగం కూడా లేదు.

గసగసాలు వేయిస్తే కానీ మెత్తగా నలగవు. ఆ రోజు ప్రయాణం తొందరలో బరకగా కొట్టి పెట్టేశాను. కుట్టు పొడుగునా, దారాల సందులో గింజలు దూరి ఉన్నాయి. పవిట పిన్నీసు తీసి ఒక్కొక్కటే పైకి లేపాను, తడివేలితో అద్దాను, సుధ పట్టుకున్న తడిగుడ్డలో తుడిచాను. కుట్టు, మడత, బెల్టు గూడు, కాళ్ళ కింద రబ్బరు గాడి. ఎన్నో తెలియదు. సుధ ఫోన్ లైటు పట్టింది. మాట్లాడితే గింజ ఎగిరిపోతుందేమో అన్నట్టు ఎవరం మాట్లాడలేదు. చీర చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. గుడ్డ నిండాక గంగన్న తీసుకెళ్ళి స్టవ్వు మీద కాల్చాడు. ఇంకో గుడ్డ, ఇంకోసారి మొదట్నుంచి.

మూడోసారి తుడుస్తుండగా బయట బండి ఆగిన చప్పుడు. గంగన్న గొంతు మారిపోయింది. "ఖాన్ సాబ్, సలామలేకుం."

నా చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది. వంగి చూస్తే, తెల్ల సల్వారు, ఎర్ర గడ్డం, గుమ్మమంత మనిషి, లారీని వెతుక్కుంటూ వచ్చినట్టున్నాడు. మల్లేశం తల వంచుకుని నిలబడ్డాడు. ఖాన్ సాబ్ అరవడం లేదు. మెల్లగా ఉర్దూలో అడుగుతున్నాడు, రెండు రోజులు ఎక్కడికి పోయావు, ఫోన్ ఎందుకు ఆపావు, ఆఫీసులో పారిపోయావని రాయమంటున్నారు, రాయనా?

మల్లేశం ఏం చెబుతాడు? నిజం చెబితే జైలు, చెప్పకపోతే పరారీ.

నేను జీవితంలో గట్టిగా మాట్లాడిన మనిషిని కాదు. మీ తాతయ్య "నీ మాట పక్కగదికి కూడా వినపడదు" అనేవారు. పాతికేళ్ళు కొత్తగూడలో కూరగాయల బండ్ల దగ్గర నేర్చుకున్న ఉర్దూ అంతా కూడదీసుకుని, లారీ తలుపులోంచి తల బయటపెట్టాను.

"బేటా, ఉస్కో కుచ్ మత్ బోలో. గల్తీ మేరీ హై."

వాణ్ణి ఏమీ అనకు, తప్పు నాది అన్నాను. ఆయన తలెత్తి చూశాడు. తన లారీలోంచి చీర కట్టుకున్న ముసలావిడ తొంగి చూస్తుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు.

"ఆప్ కౌన్, అమ్మాజీ?"

"ఇస్కీ మా."

వీడి తల్లిని అన్నాను. అబద్ధం, పిల్లలూ. పైగా ఏం తడబడకుండా చెప్పాను. వీడికి కడుపునొప్పి వచ్చిందని, నేను హైదరాబాద్ నుంచి వచ్చానని, నా కోసమే ఇక్కడ ఆగిపోయాడని చెప్పాను.

"ఫోన్ ఎందుకు ఆపాడు?"

"నేనే ఆపమన్నాను బాబూ. బండి నడిపేటప్పుడు ఫోన్ చూడొద్దని మీ అమ్మ చెప్పదా?"

ఆయన నా చేతిలో గుడ్డ వంక చూశాడు. "మరి ఈ తుడవడం ఏమిటి?"

"మా అబ్బాయి గది చూస్తే తుడవకుండా ఉండలేను."

ఆయన లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. టైల్స్ పెట్టెల మీది తాడు లాగి చూశాడు. తలుపు దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూసి, ఊపిరి పీల్చాడు. ఆ ఊపిరి తీసుకున్నంతసేపూ నేను ఊపిరి తీసుకోలేదు.

"సబ్బు వాసన" అన్నాడు. మల్లేశం వైపు తిరిగాడు. "అమ్మే ఇక్కడికి వచ్చేసిందిగా. ఇంక నీకు సెలవెందుకు?"

ఖాన్ సాబ్ గడ్డం నిమురుకుని గట్టిగా నవ్వాడు. ఆయన వాళ్ళ అమ్మని పెషావర్‌లో చూసి మూడేళ్ళయిందట. ఈ సరుకు ఇవాళే దించి వస్తే పరారీ అని రాయనని, సెలవు కాగితం మీద సంతకం పెడతానని చెప్పి, నాకు రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు. ఆయనకి ఏదో అనుమానం వచ్చిందనే నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. తల్లి అనే మాట మీద వదిలేశాడు.

మల్లేశం లారీ ఎక్కాడు. "లావణ్యకు చెప్పకున్రి అమ్మా. పరేషానైతది."

లారీ వరసలోకి వెళ్ళింది. మేము ఉప్పుటేరు పక్కన టీకొట్టు దగ్గర కూర్చున్నాం. కరక్ చాయ్ ఒక్క దిర్హాము, యాలకులతో చిక్కగా ఉంటుంది. మన ఇరానీ చాయ్‌కి చెల్లెలు. నాది చల్లారిపోయింది. నిజంగా అన్ని గింజలూ తీశానా? బెల్టు గూడులో రెండోసారి చూశానా? సుధ లెక్కపెట్టినట్టు మడచెట్ల మీది కొంగలనే చూస్తోంది. గంగన్న పరోటా తెచ్చుకుని, ఒక్క తుంపు తిని మడిచి పెట్టేశాడు. అలా రెండు గంటలకి పైనే ఎదురుచూశాం.

అప్పుడు నా ఫోన్ మోగింది. చిన్న మెసేజ్. "దాటిన అమ్మా."

గంగన్న పరోటా మళ్ళీ విప్పాడు.

మళ్ళీ కొత్తగూడ

మిగిలిన రోజుల్లో సుధ నన్ను పడవ ఎక్కించింది, బంగారం బజారు చూపించింది. అన్నీ చూశాను, ఏవీ తలకెక్కలేదు. తిరుగు ప్రయాణంలో పెట్టె మూడుసార్లు విప్పి సర్దాను. విమానం శంషాబాద్‌లో దిగేదాకా ఒళ్ళో బిగించిన పిడికిళ్ళు విప్పలేదు.

మర్నాడు పొద్దున్న లావణ్య మా అంతస్తు తుడవడానికి వచ్చింది. తలుపు దగ్గరే ఆగింది.

"మా ఆయన మంచిగున్నడా అమ్మా?"

"బాగున్నాడమ్మా. ఏం బాధ లేదు."

మాపు బకెట్లో ముంచి పిండింది. "నడుమ రెండు దినాలు ఫోన్ బందుండె. చార్జరు ఖరాబైందన్నడు."

"అలాగా."

"ఆయనకు ఏదన్న అయితె చాలు అమ్మా, చార్జరే ఖరాబైతది. చెయ్యి ఇరిగినప్పుడు గదే చెప్పిండు. జరమొచ్చి దవాఖానల వడ్డప్పుడు గదే. నేను గూడ, సరే కొత్తది కొనుక్కో అంట."

ఖాన్ సాబ్ ముందు తడబడని నా నాలుక ఆమె ముందు పెగల్లేదు. లోపలికి రమ్మన్నాను, రాలేదు. నేనే బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాను. మొదట్నుంచి చివరిదాకా చెప్పాను. తన మూట విప్పి వాసన చూసిన సంగతీ చెప్పాను. కుక్క దగ్గరికి వచ్చేసరికి ఆమె మాపు కర్రని రెండు చేతులతో పట్టుకుంది. అయిపోయాక తల దించుకుని కూర్చున్నాను.

"తిట్టమ్మా, పడతాను."

"తిట్టుడేంది అమ్మా. మీకు ఎర్కలేక ఇచ్చిన్రు. మల్ల మీరే వొయి తుడిచిన్రు. నేనైతె గంత దూరం ఎట్ల వోదు?"

నడుము దగ్గర దోపిన ఫోన్ తీసింది. బొటనవేలు నొక్కిపెట్టి నోటి దగ్గర పెట్టుకుంది.

"ఇగో, ఇను. అమ్మ అంత చెప్పింది. ఈసారి సంది భయమైతె భయమైందని చెప్పు. చార్జరు మీద వెట్టకు. నేనేం సావను."

వేలు తీసేసింది. ఫోన్ మళ్ళీ నడుములో దోపుకుని, కళ్ళు మోచేత్తో తుడుచుకుని, మాపు ఎత్తింది.

"అమ్మా, జర కాళ్ళు దియ్యున్రి. ఆ మెట్టు తుడవాలె."